గంజి వదలని గౌను

ఆదివారం మీటింగులో ఆ సెంటరు ఎత్తేద్దామని మా ట్రస్టులో దాదాపు అందరూ తీర్మానించుకున్నారు. ఊరికే ఎత్తేస్తే బాగుండదు, ఒకరు వెళ్ళి చూసి రావాలన్నారు. ఆ ఒకరు నేనయ్యాను. గురువారం పొద్దున్న పదీ పదికి మంగళగిరిలో విజయవాడ బస్సెక్కాను. సంచిలో ఒక జత బట్టలు, మందుల డబ్బా, రిపోర్టు రాయడానికి నోటుబుక్కు ఉన్నాయి. నిజం చెప్పొద్దూ, రిపోర్టులో ఏం రాయాలో కూడా మనసులో ముందే రాసేసుకున్నాను.

మాది మగ్గాల ఇల్లు. మా మామగారి రోజుల్లో ఇంట్లో మూడు మగ్గాలు ఆడేవి. ఇప్పుడు బజార్లో బట్టల కొట్టు ఉంది. మా వీధిలోని వ్యాపారులం, నేతగాళ్ళం కలిసి ఒక చిన్న ట్రస్టు పెట్టుకున్నాం. కొన్నేళ్ళ కిందట ఒక తుఫాను తర్వాత దుప్పట్లు పంచడానికి దివిసీమ వెళ్ళినప్పుడు, కోడూరు దాటాక సముద్రం వైపు, మురుగు కాలువ గట్టు మీద ఇళ్ళేసుకున్న ఒక కాలనీ చూశాం. పెద్దవాళ్ళు రొయ్యల చెరువుల మీద కూలికి పోతారు. పిల్లలు ఐదో తరగతి అవగానే బడి మానేసి షెడ్లలో రొయ్యల తలలు తీయడానికి కూర్చునేవాళ్ళు. వాళ్ళ కోసం సాయంత్రం పూట చదువు చెప్పే సెంటరు పెట్టాం. టీచరు జీతం మాది. పిల్లలకు ఉడకబెట్టిన శనగలు, పుస్తకాలు మావే. ఏటా జూన్‌లో తలా రెండు జతల యూనిఫాం కూడా ఇస్తాం. బట్ట మా మగ్గాల మీద నేసిందే, ఆకుపచ్చ గళ్ళ కాటన్. ఆడపిల్లల గౌన్లకు మంగళగిరి నేతకు గుర్తైన సన్నటి నిజాం అంచు కూడా పెట్టించాం.

దానికో రూలుంది. ప్రతి నెలా టీచరు పిల్లల్ని యూనిఫాంలో కూర్చోబెట్టి ఫోటో తీసి పంపాలి. ఫోటోలో ఎంతమంది ఉంటే అంతమంది హాజరైనట్టు. రిజిస్టర్లో ఎవరైనా ఎన్ని పేర్లైనా రాసుకోవచ్చు, బట్ట మాత్రం అబద్ధం చెప్పదని మీటింగులో గొంతు చించుకుని ఆ రూలు పెట్టించింది నేనే. జూన్ ఫోటోలో ముప్ఫై నలుగురున్నారు. జనవరి ఫోటోలో తొమ్మిది మంది మిగిలారు.

ట్రస్టుకు పెద్ద మా బావగారు, అంటే మా వారి అన్నగారు. చిన్నప్పటి నుంచి మగ్గం గుంటలో కూర్చుని పైకొచ్చిన మనిషి. "రెండేసి జతలు కుట్టించి ఇచ్చాం. అవి ఒంటి మీద లేవంటే అమ్ముకునైనా ఉండాలి, లేదా పిల్లలు రావడమే లేదు. చూసి రామ్మా" అన్నారు. నాకూ అంతేననిపించింది.

విజయవాడ బస్టాండు కిటకిటలాడుతోంది. గుణదల తిరునాళ్ళ రోజులు. కొవ్వొత్తుల కట్టలు, గుండ్లు, గంధం వాసన, చంకల్లో పిల్లలు. అవనిగడ్డ బస్సు పదకొండున్నరకు దొరికింది. ఆడవాళ్ళకు ఇప్పుడు పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ కొట్టి ఇస్తాడు. వెళ్ళదలచుకున్నవాళ్ళు కార్డు మర్చిపోకండి. నేను సంచి అడుగున పెట్టి, కండక్టరు నెత్తి మీద నిలబడితే, సంచంతా సీట్లో కుమ్మరించి వెతుక్కున్నాను.

నా పక్కన గుండు చేయించుకున్న మనవరాలిని ఒళ్ళో పడుకోబెట్టుకుని ఒకావిడ కూర్చుంది. ఆవిడ కాళ్ళ దగ్గర ఐదు లీటర్ల డబ్బా నిండా నీళ్ళు. బస్సు కుదిపినప్పుడల్లా దాన్ని రెండు పాదాలతో అదిమి పట్టుకుంటోంది.

"తీర్థమా అండీ?" అని అడిగాను.

"తీర్థం కాదండి, కాఫీకి!" అని ఫక్కున నవ్వింది. "మావైపు నీళ్ళు పాలల్లో పోస్తే విరిగిపోతాయండి. ఇటెప్పుడొచ్చినా ఒక డబ్బా పట్టుకుపోతాం."

నేనూ నవ్వి ఊరుకున్నాను. ఆ మాట అప్పుడే బుర్రకెక్కి ఉంటే సాయంత్రం అంత నోరు పారేసుకునేదాన్ని కాదు.

కంకిపాడు దాటాక కాలువ పక్కనే ప్రయాణం. ఉయ్యూరు దగ్గర చెరుకు ట్రాక్టర్లు అడ్డంపడి ఇరవై నిమిషాలు పోయింది. పామర్రులో డ్రైవరు టీ తాగాడు, మేమూ తాగాం. అక్కణ్ణుంచి కూచిపూడి, మొవ్వ, ఇరువైపులా వరి కోసిన చేలల్లో మినుము కాయ పట్టి ఉంది. చల్లపల్లిలో నీళ్ళడబ్బా ఆవిడ దిగిపోయింది. జమీందారుల కోట చూడాలనుకునేవాళ్ళు ఇక్కడ ఒక గంట ఆగొచ్చు. నేను ఆగలేదు. అవనిగడ్డ చేరేసరికి రెండున్నర.

బస్టాండు ఎదురు సందులో మెస్సులో భోజనం చేశాను. దొండకాయ వేపుడు, గోంగూర పచ్చడి, సాంబారు, గడ్డ పెరుగు. నూట పది రూపాయలకు ఆ భోజనం విజయవాడలో దొరకదు. వడ్డించే అబ్బాయి మంచినీళ్ళ బాటిల్ కావాలా అని రెండుసార్లు అడిగాడు. వద్దు, గ్లాసులో పొయ్యమన్నాను. ఒక గుక్క తాగి బాటిల్ తెప్పించుకున్నాను.

కోడూరు దాకా షేర్ ఆటో. అక్కడ ఇంకో ఆటో మాట్లాడుకుని ఊరు చేరేటప్పటికి నాలుగుంపావు. చివరి ఆరు కిలోమీటర్లూ రోడ్డుకు రెండు పక్కలా రొయ్యల చెరువులే. ఊరి పేరు రాయడం లేదు, ఎందుకంటే తర్వాత రాసేది చదివి ఎవరూ ఆ ఊరివాళ్ళను ఒక మాట అనకూడదు. పెద్ద ఊరు ఒక పక్క, గట్టు మీద కాలనీ ఇంకో పక్క, మధ్యలో మా సెంటరు. పిల్లలు రెండు వైపుల నుంచీ వస్తారు. నేను ఇంతకుముందు మూడుసార్లు వచ్చాను. మూడుసార్లూ జూన్‌లోనే. పెద్ద ఊళ్ళో షామియానా కింద దండలేయించుకుని, బట్టలు పంచి, ఫోటో దిగి, కారెక్కి వెళ్ళిపోయాను. గట్టు ఎక్కలేదు.

టీచరు ఝాన్సీ ఎదురొచ్చింది. డిగ్రీ చదివింది, పెద్ద ఊరి పిల్ల, ఇరవై నాలుగేళ్ళుంటాయి. "భోంచేశారా మేడమ్?" అని నా సంచి అందుకుంది. మొహంలో మాత్రం నవ్వు లేదు. నేనెందుకొచ్చానో తనకు తెలుసు.

ఐదింటికి సెంటరు మొదలైంది. గదిలో చాప మీద ఆకుపచ్చ గళ్ళలో తొమ్మిది మంది కూర్చున్నారు. ఫోటోలో ఉన్న తొమ్మిది మందీ. సరే, లెక్క సరిపోయింది అనుకుంటూ వెనక్కి తిరిగితే, వరండాలో, కిటికీ కింద, మెట్ల మీద ఇంకో పాతిక మంది పిల్లలు! ఒక్కళ్ళ ఒంటి మీదా మా బట్ట లేదు. లోపల ఝాన్సీ ఎక్కం చెబితే బయటివాళ్ళు లోపలివాళ్ళకంటే గట్టిగా అరుస్తున్నారు. కిటికీ దగ్గర ఒక పొడుగాటి పిల్ల ఊచలు పట్టుకుని బోర్డు చూస్తూ, పక్కనున్న చిన్నపిల్లలకు పలకల మీద రాసి చూపిస్తోంది. ఒంటి మీద ఎవరిదో మగవాళ్ళ నైలాన్ చొక్కా మోకాళ్ళ దాకా వేలాడుతోంది.

"వీళ్ళెవరమ్మా?"

"మన పిల్లలే మేడమ్. కాలనీ వాళ్ళు."

"మరి బయట కూర్చున్నారేం?"

"యూనిఫాం లేనివాళ్ళు లోపల కనపడకూడదని మీరు వాట్సాప్‌లో పెట్టారు కదా మేడమ్."

పెట్టాను. నేనే పెట్టాను. కానీ తప్పు మనదని ఒప్పుకోవడానికి నోరు రావద్దూ? ఎదురు దబాయించాను. "అయితే మేమిచ్చిన యూనిఫాం ఏమైంది? ఇద్దరికి కాదు, ముగ్గురికి కాదు, ఇంతమందికీ లేకుండా పోయిందా?" పిల్లలు నోళ్ళు మూసుకున్నారు. నేను కిటికీ దగ్గరి పిల్లనే పట్టుకున్నాను. "నీ పేరేంటి?"

"తిరుపతమ్మండి. ఏడో తరగతండి."

"నీ గౌను ఏది?"

"పెట్లో ఉందండి."

"పెట్లోనా! పద, చూపించు" అని చెయ్యి పట్టుకుని గట్టెక్కాను. ఝాన్సీ "మేడమ్, మేడమ్" అంటూ వెనకాల వస్తోంది. ఇరవయ్యో ఇల్లు వాళ్ళది. రేకుల కప్పు, మట్టి అరుగు. తిరుపతమ్మ తల్లి నాంచారమ్మ అప్పుడే షెడ్డు నుంచి వచ్చినట్టుంది, చేతులు తెల్లగా నానిపోయి ముడతలు పడి ఉన్నాయి. నన్ను చూసి కంగారుగా లేచి, పీట వేసి, కొంగుతో తుడిచింది. నేను కూర్చోలేదు.

తిరుపతమ్మ పెట్టె తీసింది. అన్నిటికంటే పైన, పాత చీర ముక్కలో చుట్టి, కలరా ఉండలేసి, గౌను. తీసి చేత్తో పట్టుకున్నాను. నా వేళ్ళకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. కొట్టులో కట్ట విప్పినప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. గంజి వదలలేదు, మడత నలగలేదు. ఆ గుడ్డకు నీళ్ళు తగల్లేదు. ఎనిమిది నెలలు!

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏమ్మా, మా నేతగాళ్ళు గుంటలో కూర్చుని నడుములు విరగ్గొట్టుకుని నేసేది పెట్టెలో దాచుకోవడానికా? పిల్లకు తొడగడానికి చేతులు రాలేదా? ఆ చొక్కా ఏంటి, ఆ అవతారం ఏంటి?" ఇంకా చాలా అన్నాను. రాయడానికి సిగ్గేస్తోంది. చుట్టుపక్కల ఆడవాళ్ళు పోగయ్యారు.

నాంచారమ్మ నాతో పోట్లాడలేదు. దణ్ణెం మీద నుంచి ఇంకో గుడ్డ తీసి నా చేతిలో పెట్టింది. "ఇది మీరిచ్చిన రెండో గౌనండి" అంది.

నేను గుర్తుపట్టలేదు. ముప్ఫై ఏళ్ళుగా బట్టల మధ్య బతుకుతున్నదాన్ని, మా బట్టను నేను గుర్తుపట్టలేకపోయాను. ఆకుపచ్చ ఎక్కడా లేదు. గుడ్డ అట్టముక్కలా బిరుసెక్కింది. మడతల్లో తెల్లగా ఉప్పు చారలు. మెడ దగ్గర, చంకల్లో పోగులు తెగి జల్లెడైపోయింది. పట్టి చూస్తే అంచు ఒక్కటే ఆనవాలు దొరికింది.

"దేంతో ఉతికావమ్మా దీన్ని?"

"నీళ్ళతోనేనండి. ఇంకేముంటదండి ఇక్కడ?" అని ఇంటి ముందున్న చేతిపంపు చూపించింది. "ఇది ఉప్పునీళ్ళ పంపండి. సబ్బు నురగ రాదు. నురగ రాదని బండకేసి ఇంకో నాలుగు బాదుతాం. ఆరాక ఉప్పు పైకి తేలుద్ది. రెండు నెలలకి ఇట్టా అయిపోయిందండి. పైగా అది రాసుకుని పిల్లకి ఒంటి మీద పొక్కులు లేచినయ్యి."

"మరి ఆ చొక్కా బాగానే ఉందిగా?"

"అది నైలానండి. ఎట్టా బాదినా ఏం కాదు. మీది మంచి గుడ్డండి, తట్టుకోలేకపోయింది."

మంచి గుడ్డ కాబట్టి తట్టుకోలేదు. ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. ట్రస్టులో ఒకసారి ఎవరో మిల్లు బట్ట ఇద్దామంటే, మా పిల్లలకు మా మగ్గం బట్టే ఇవ్వాలని నేనే పట్టుబట్టాను. అంత గొప్ప పని చేశాననుకున్నాను.

"ఆ పెట్లోది మాత్రం తియ్యలేదండి" అంది నాంచారమ్మ. "జూన్‌లో మళ్ళీ మీరందరూ వస్తారుగా. మీ కళ్ళ ముందు ఈ పాత గుడ్డ వేసుకొస్తే ఏమనుకుంటారు? ఆ రోజుకి తొడుగుదామని దాచా." చుట్టూ ఉన్నవాళ్ళందరూ తలలూపారు. గట్టు మీద ప్రతి పెట్టెలోనూ ఒక జత గంజి వదలని బట్టలున్నాయని అప్పుడు తెలిసింది. సెంటర్లో యూనిఫాంతో కూర్చున్న ఆ తొమ్మిది మందీ పెద్ద ఊరి పిల్లలు. వాళ్ళ ఇళ్ళకు మంచినీళ్ళ కుళాయి ఉంది.

అప్పుడు కూర్చున్నాను పీట మీద. అరుపులకు క్షమించమన్నాను. నాంచారమ్మ "అయ్యో, ఊరుకోండి" అంది గానీ, అసలు మాట అడిగేసింది. "సెంటరు తీసేత్తారంట గదండీ. నిజమేనా?"

నేను చేతిలో ఉన్న పాత గౌను అటూ ఇటూ తిప్పాను.

"ఈ గట్టు మీద ఏడో తరగతి దాకా వచ్చింది నా పిల్లే మొదలండి. బళ్ళో చెప్పింది ఇంటికాడ చెప్పేదానికి మాకు అక్షరమ్ముక్క రాదు. సెంటరుందని పంపుతున్నా. అది లేకపోతే నాతోపాటు షెడ్డుకేనండి, ఇంకేం చేసేది?" అంది. తిరుపతమ్మ గడప దగ్గర నిలబడి వింటోంది. ఆ పిల్ల తల్లి మొహం చూడలేదు, నా మొహమే చూసింది.

ఇక్కడ లాడ్జీలు లేవు. కావాలంటే అవనిగడ్డకు పోవాలి. ఝాన్సీ వాళ్ళమ్మ బలవంతం మీద వాళ్ళింట్లోనే ఆగాను, చేపల పులుసు పెట్టారు. అన్నం తింటూ ఝాన్సీని అడిగాను, ఈ నీళ్ళ సంగతి ముందే ఎందుకు చెప్పలేదని. "రెండుసార్లు మెసేజ్ పెట్టాను మేడమ్. గ్రూపులో సెంటరు విషయాలు మాత్రమే పెట్టాలన్నారు" అంది. ఎవరన్నారో నేను అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు.

శుక్రవారం పొద్దున్న ఆరున్నరకు తిరుపతమ్మ వెంట నీళ్ళకు బయల్దేరాను. పెద్ద ఊరి చివర వీధి కుళాయి. అక్కడే కాలనీ వాళ్ళు పట్టుకోవాలి. ఏడింటికి వదిలి తొమ్మిదింటికి ఆపేస్తారు. ముందు ఆ వీధివాళ్ళు పట్టుకుంటారు, తర్వాత వీళ్ళు. రెండు బిందెలు, మూడు తడవలు. పోనూ రానూ ఒకటిన్నర కిలోమీటరు. నాంచారమ్మ ఆరింటికే షెడ్డుకు పోవాలి, కాబట్టి నీళ్ళు తిరుపతమ్మ పని. ఆఖరి తడవ దించి, అన్నం తిని పరిగెత్తేసరికి బళ్ళో మొదటి పీరియడ్ అయిపోతుంది. రోజూ.

నేనూ ఒక బిందె ఎత్తుకున్నాను. యాభై ఆరేళ్ళ నడుము, అలవాటు తప్పిన చంక. పావు వంతు నా చీరే తాగింది. ఆడవాళ్ళందరూ నవ్వారు. "అమ్మగారూ, ఆ చీర పిండితే ఒక పూట కూరకొస్తయ్యండి!" అంది ఒకామె. నాకూ నవ్వాగలేదు. రాత్రి నుంచి బిగుసుకున్న మనసు కాస్త వదులైంది.

దారిలో తిరుపతమ్మ అడిగింది. "మీ ఊళ్ళో బట్టలు కూడా మంచినీళ్ళతోనే ఉతుకుతారాండి?"

"ఊఁ" అన్నాను.

"అన్నీనా?"

మా ఇంట్లో వాషింగ్ మెషిను ఉందని, వాకిలి కడగడానికి కూడా అవే నీళ్ళని నాకు చెప్ప బుద్ధి కాలేదు.

గట్టు మీదికొచ్చాక ఆడవాళ్ళను కూర్చోబెట్టి ఒక్కటే అడిగాను, బట్టలు మానేసి ఏం కావాలో చెప్పండని. ఆలోచించుకోవాల్సిన పనేలేకుండా చెప్పారు. గట్టు దాకా పైపు. పంచాయతీలో అడిగితే కనెక్షన్ ఇవ్వడానికి ఒప్పుకున్నారట, పైపు మాత్రం తెచ్చుకోమన్నారట. ఆ ఒప్పుకున్న కాగితం కూడా ఝాన్సీ దగ్గరుంది. "గొయ్యి మేం తవ్వుకుంటామండి, ఒక్క కూలీని పెట్టక్కర్లేదు" అని ఒక ముసలమ్మ చేతులు చూపించింది. అందరూ ఇంటికొకరు చొప్పున వస్తామన్నారు. ఇక్కడ ఇంత పని జరిగి ఉంటే మేం మంగళగిరిలో కూర్చుని ఫోటోలో తలలు లెక్కపెడుతున్నాం.

బయల్దేరే ముందు నాంచారమ్మ వాళ్ళింటికెళ్ళి ఆ పాడైన గౌను అడిగాను. తల్లి షెడ్డుకు పోయింది. తిరుపతమ్మ పుస్తకాల సంచి తగిలించుకుని, ఆలస్యమైపోతోందని తొందరపడుతూనే తీసిచ్చింది. ఇచ్చి, మళ్ళీ చెయ్యి వదల్లేదు. "తిరిగి తెచ్చిస్తారాండి? మా చెల్లి దాన్నే ఇంట్లో వేసుకుంటదండి."

"తెచ్చిస్తాను" అన్నాను.

"సెంటరుకి?"

"ఆఁ, సెంటరుకే తెస్తాను." మాటిచ్చేశాను. ఆదివారం పదకొండుమంది మగవాళ్ళను ఒప్పించాల్సిన పని అప్పుడు గుర్తొచ్చింది. పోనీ, ఏడు దాకా చదివిన పిల్లను షెడ్డులో కూర్చోబెట్టి నేను ఏ మొహం పెట్టుకుని కొట్లో బట్టలు కొలుస్తాను?

ఝాన్సీ ఆటో దాకా వచ్చింది. "ఈరోజు అందర్నీ లోపల కూర్చోబెట్టు. ఏ బట్టలైనా సరే. ఫోటో తీసి నాకు పెట్టు" అన్నాను. "రూలు మేడమ్?" అంది. "పెట్టినదాన్ని నేనే, తీసేస్తున్నాను. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు" అన్నాను. అప్పుడు నవ్వింది.

పదింటికి కోడూరులో బస్సు కోసం నిలబడి బావగారికి ఫోన్ చేశాను. అంతా చెప్పాను. ఆయన ఓపిగ్గానే విన్నారు. విని, "పైపులు మన పనా అమ్మాయ్? బట్టల వాళ్ళం. బట్టలు ఇస్తాం. నీళ్ళివ్వడానికి వేరేవాళ్ళున్నారు. అంతగా అయితే ఈసారి ముదురు రంగు వేయిద్దాం, ఉప్పు కనపడదు" అన్నారు. నాకు వచ్చిన కోపానికి ఫోను కాలువలో పడాలి. పెద్దాయన కాబట్టి "సరే, మధ్యాహ్నం మాట్లాడదాం" అని పెట్టేశాను. ఆయన ఆ రోజు విజయవాడ వన్‌టౌన్‌లో సరుకు చూడటానికి వచ్చారు. ఒంటిగంటన్నరకు బస్టాండులో కలుస్తానన్నారు.

తిరుగు ప్రయాణం అదే దారి. మోపిదేవిలో గుడి ముందు పది నిమిషాలు ఆగింది. నేను దిగలేదు. నోటుబుక్కులో ముందే రాసుకున్న పేజీ చింపేసి, కొత్త పేజీలో నాలుగే మాటలు రాశాను: సెంటరు ఉండాలి, పైపు కావాలి. పామర్రు దగ్గర ఉన్నప్పుడు ఝాన్సీ మెసేజ్ వచ్చింది. "పిల్లలకు చెప్పించాను మేడమ్. ఇవాళ నాలుగింటికే వచ్చేస్తారట."

బావగారు చెప్పినట్టే బస్టాండులో ఉన్నారు. చేతిలో నూలు శాంపిళ్ళ సంచి, మొహం నిండా చెమట. మంగళగిరి సిటీ బస్సులో నేను ఆడవాళ్ళ సీట్లో, ఆయన నడవకు అవతల సీట్లో కూర్చున్నాం. కండక్టరు నాకు సున్నా టికెట్ ఇచ్చి, ఆయన దగ్గర డబ్బులు తీసుకున్నాడు. "చూశావా, మగాళ్ళ బతుకు" అని నవ్వారాయన. నేను నవ్వలేదు. సంచిలో నుంచి గౌను తీసి నడవ మీదుగా ఆయన చేతికిచ్చాను.

అలవాటుగా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూశారు. బట్ట చేతికొస్తే ఆయన చేసే మొదటి పని అదే. "ఏ మిల్లుదిది? ఇంత నాసిరకం గుడ్డ కొన్నావేంటి?" అన్నారు.

"మనదే బావగారూ. పోయిన జూన్‌లో ఇచ్చింది."

"మనదేంటి, నీ మొహం!"

"అంచు చూడండి."

తిప్పి చూశారు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. ఆ అంచు తీరు ఆయనకు తెలియకపోవడమేంటి, దాన్ని నేసినవాళ్ళకు నేర్పింది ఆయనే. గళ్ళ మీద వేలు పెట్టి రంగు కోసం వెతికారు. మెడ దగ్గర తెగిన పోగులను గోటితో సర్దబోయారు, అవి ఇంకా ఊడొచ్చాయి. చేతులకు అంటుకున్న తెల్ల పొడి చూసుకుని, ఎందుకో నాలుక చివర పెట్టుకున్నారు. పక్కసీటాయన వింతగా చూశాడు.

బస్సు వారధి ఎక్కింది. కుడి పక్క బ్యారేజీ అవతల కృష్ణ నిండుగా ఉంది, ఎండకు మెరుస్తోంది. రోజూ చూసేదే. ఆ రోజు నాకు చూడబుద్ధి కాలేదు.

"కొత్తది కుట్టించి పంపుదాంలే ఆ పిల్లకి. ఈ ఒక్కటీ నా తరఫున" అన్నారు బావగారు.

"పంపితే అదీ పెట్టెలోకే పోతుంది బావగారూ. ఈ పాతది తిరిగిచ్చేయమంది, వాళ్ళ చెల్లికి కావాలట."

ఆయన గౌనును మోకాళ్ళ మీద పరిచి, కొట్లో పట్టుచీర మడిచేటంత జాగ్రత్తగా, అంచుకు అంచు కలిపి మడత పెట్టారు. బిరుసు గుడ్డ, మడత నిలబడక విచ్చుకుంటోంది. మళ్ళీ పెట్టారు. నేను అందుకోబోతే ఇవ్వలేదు, తన శాంపిళ్ళ సంచిలో అన్నిటికంటే పైన పెట్టుకున్నారు.

బస్సు వారధి దిగాక నా వైపు తిరిగారు.

"ఆ పైపు ఎంత దూరం వేయాలన్నావ్?"